గాలికి అద్దె

మురుగు నాలా బాగుపడినప్పటి నుంచి ఆ బస్తీలో ఇంటి అద్దెలు పూటపూటకూ మారుతున్నాయి. ప్రతి గుమ్మం పైనా ఒక చిన్న పలక ఉంటుంది. గాలి ఎంత కమ్మగా వీస్తే దాని మీద అద్దె అంకె అంత పైకి పోతుంది.

అండాలు ఆ నాలా ఒడ్డున మొక్కలు నాటే కూలి. ముప్పై ఏళ్లు మురుగు కంపు భరించి, నాలా బాగుచేయమని ధర్నాల్లో కూర్చున్న మనిషి. ఈసారి సంపెంగలు విరగబూయగానే అంకె ఆమె నెల జీతాన్ని దాటిపోయింది. నెలాఖరుకు ఆ అంకె దిగకపోతే తలుపుకు దానంతట అదే తాళం పడుతుంది.

ఆ మధ్యాహ్నం పక్కింటి మల్కవ్వ బకెట్ నిండా కుళ్లిన చేపలు తెచ్చింది.

"ఏం జూస్తున్నవ్ అక్కా? ఒంపు. అందరం ఒంపుతున్నం."

"నా చేతులతోని నాటిన చెట్లకాడనా?"

"చెట్లు గావాల్నా, ఇల్లు గావాల్నా?"

అండాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సంపెంగ మొదట్లో ఒంపేసింది. అక్కడే కక్కుకుంది. ఈగలు ముసిరాయి. సాయంత్రానికి అంకె సగానికి పడింది. బస్తీ అంతా చప్పట్లు కొట్టింది.

సబ్బుతో మూడుసార్లు తోముకున్నా చేతుల కంపు పోలేదు. అన్నం కలపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎదురుగా కూర్చున్న మొగుడు బాలనర్సు గుండెల నిండా గాలి పీల్చాడు.

"ఎంత మంచిగ కంపు గొడుతుందే! ఇగ మనల్ని ఎవ్వడు లేపడు," అన్నాడు సంబరంగా.

అతని మీద, తన మీద ఆమెకు ఒకేసారి రోత పుట్టింది. కంచం అవతలికి నెట్టేసి, రేపు ఒంపే వంతు ఎవరిదో అడగడానికి మల్కవ్వ ఇంటికి నడిచింది.