సొంత వాక్యం

“పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా!” కూతురు ఇంగ్లిష్ పుస్తకాన్ని కుట్టుమిషను మీద పడేసింది.

పెద్ద బట్టల షాపులో దర్జీ పనికి ఎల్లుండే ఆయనకు ఇంటర్వ్యూ. నాలుగు ముక్కలు ఇంగ్లిష్ రావాలన్నారు. వారం రోజులుగా చెబుతోంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

“పోనీ, ఇందులో రాసింది చదువు.”

ఆయన పుస్తకం అందుకోలేదు. “నువ్వు చదువు తల్లీ, విని నేనంటాను.”

“అన్నీ నేనే చదివితే ఇంటర్వ్యూకి కూడా నేనే వెళ్తాలే! సొంతంగా ఒక్క వాక్యం చెప్పు. రేపు రండి, ఎల్లుండి రండి అని అందరినీ తిప్పుకుంటావుగా, అదే పుట్ ఆఫ్. నీకంటే బాగా ఎవరికి తెలుసు?”

ఆయన నవ్వలేదు. సూదుల దిండు తడుముతూ కూర్చున్నాడు. పది సూదులు, పదింటికీ దారం. రోజూ కాలేజీకి వెళ్లేముందు ఆ దారాలు ఎక్కించి పెట్టేది ఆమే. ఎందుకని ఏనాడూ అడగలేదు.

ఆమె ఆ సూదుల వైపు, ఆయన ముట్టని పుస్తకం వైపు చూసింది. “నాన్నా, పుస్తకంలో అక్షరాలు కనబడుతున్నాయా నీకు?”

“మెల్లగా అనవే. దర్జీకి చూపు ఆనడం లేదని తెలిస్తే మన గడప తొక్కేదెవరు?”

“మరి డాక్టరుకు చూపించుకోవచ్చుగా?”

ఆయన తల దించుకున్నాడు. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. “ఐ పుట్ ఆఫ్ ద డాక్టర్... ఫర్ టూ ఇయర్స్. తప్పుందా తల్లీ?”

“వాక్యంలో లేదు,” అంటూ ఆమె చెప్పులేసుకుంది. “లే నాన్నా, ఇప్పుడే వెళ్దాం.”