ఎక్కని నీళ్లు

రికార్డు పుస్తకంలో ఎర్ర సిరాతో సున్నా చుట్టింది టీచరమ్మ.

"ఇదేమిటే? 'నీళ్లు ఎక్కలేదు' అని రాశావు?"

"ఎక్కలేదు కదా టీచర్."

"మిగతా ముప్పై తొమ్మిది మందికీ ఎక్కాయి. నీ ఒక్కదానికే మొరాయించాయా?"

ఆ పిల్లకి క్లాసంతా కలిసి పెట్టిన పేరు పేచీ. ఆ పేరు నిలబెట్టుకోవడంలో అది ఏనాడూ అశ్రద్ధ చేయలేదు.

"వాళ్ల సీసాల్లోనూ ఎక్కలేదు టీచర్. పుస్తకంలో ఎక్కాయి."

క్లాసు గొల్లుమంది.

పాఠం చిన్నదే. ఇంట్లో థర్మామీటరు చేసుకోవడం. గాజు సీసా నిండుగా రంగు నీళ్లు పోయాలి. అందులో స్ట్రా నిలబెట్టి, మూతి చుట్టూ బంకమట్టి మెత్తాలి. సీసాను రెండు అరచేతుల మధ్య పట్టుకుంటే, ఆ వేడికి స్ట్రాలో నీళ్లు ఎక్కాలి.

ఆ పాఠం ఉన్న సైన్సు పుస్తకం వచ్చి పదకొండేళ్లు. ఏటా టీచరమ్మ సీసా పైకెత్తి, "అదిగో ఎక్కాయి, చూశారా?" అంటుంది. "చూశాం టీచర్!" అంటారు పిల్లలు. దాంతో పాఠం అయిపోతుంది.

"సున్నా వచ్చినవాళ్ల పేరు సైన్సు ప్రదర్శనకి పంపను. జాబితా సాయంత్రానికల్లా ఆఫీసులో ఇచ్చేయాలి."

పేచీ ఈసారి పేచీ పెట్టలేదు. ఆ ప్రదర్శన కోసమే నాలుగు నెలలుగా ఇంట్లో తిట్లు తింటూ ఖాళీ సీసాలు పోగేసింది. తల వంచుకుని వెళ్లి కూర్చుంది.

భోజనాల గంట కొట్టారు. గది ఖాళీ అయింది.

గుమ్మంలో ఎవరో పెద్దాయన. చంకలో గొడుగు, భుజాన గుడ్డసంచి.

"అమ్మా, పిల్లల సైన్సు పుస్తకాలు ఒక్కసారి చూడొచ్చా?"

"గైడ్లు మాకొద్దండీ."

"నేను గైడ్లు అమ్మేవాణ్ణి కాదమ్మా."

"మరి ఏం అమ్ముతారు?"

ఆయన నవ్వేసి, కిటికీలో ఉన్న సీసా వైపు చూశాడు.

"నీళ్లు ఎక్కాయా?"

"ఎందుకెక్కవు?" అలవాటుగా వచ్చేసింది జవాబు.

"పిల్లలందరూ అలాగే రాశారా?"

టీచరమ్మ చూపు బల్ల మీది రికార్డు పుస్తకం మీద పడింది. ఆయన చూపూ అటే వెళ్లింది. వంగి, ఆ రెండు మాటలూ చదివాడు. చాన్నాళ్లకి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలా మళ్లీ చదివాడు.

"సున్నా ఎందుకమ్మా?"

"పుస్తకంలో ఉన్నట్టు రాయలేదు."

"ఇది నేను వచ్చిన ఇరవై మూడో బడి. ఎక్కలేదని రాసిన పిల్ల ఇప్పటిదాకా ఎక్కడా కనబడలేదు." ఆయన గొంతు తగ్గింది. "ఒక్క పని చేయండమ్మా. సీసాలో పావు వంతే నీళ్లు పోయండి. స్ట్రా కొసని నీళ్లలో, అడుగుకి ఆనకుండా ముంచండి. నీళ్లని పైకి తోసేది లోపల వేడెక్కిన గాలి. నిండా పోసేస్తే గాలికి చోటేదీ?"

"పుస్తకంలో 'నిండుగా' అని అచ్చేసి ఉంది. రాసినాయనకి తెలియదంటారా?"

"తెలిసే ఉంటుంది. చేసి చూసి ఉండడు."

టీచరమ్మకి ఒళ్లు మండింది.

"పెద్ద పెద్ద చదువులు చదివి రాసినవాళ్లండీ! దారిన పోతూ ఒక మాట అనేస్తే సరా? మీరిక వెళ్లండి."

ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం క్లాసు మొదలైంది. టీచరమ్మ చెబుతున్నది ఒకటి, చూస్తున్నది సీసాని. చివరికి ఉండబట్టలేకపోయింది. మట్టి ఊడదీసి, ముప్పావు వంతు నీళ్లు కిటికీలోంచి పారబోసింది. స్ట్రా సరిచేసి, మళ్లీ మట్టి మెత్తింది.

"పేచీ, ఇలా రా. పట్టుకో."

పిల్ల భయపడుతూనే రెండు చేతులూ సీసాకి చుట్టింది.

ఎర్ర నీళ్లు కదిలాయి. వేలెడు ఎక్కాయి. బెత్తెడు ఎక్కాయి. వెనక బెంచీల వాళ్లు బల్లలెక్కేశారు.

"టీచర్, పాకుతున్నాయి!"

"నువ్వు నెట్టకురా, నీ ఊపిరికే ఎక్కేట్టున్నాయి!"

పేచీ చేతులు తీసేసింది. నీళ్లు మెల్లగా దిగాయి. మళ్లీ పట్టుకుంది. మళ్లీ ఎక్కాయి.

"ఇప్పుడు ఎక్కాయి టీచర్," అంది పేచీ, ఒప్పుకుంటున్నట్టు.

టీచరమ్మ రికార్డు పుస్తకం దగ్గరికి లాక్కుంది.

"పొద్దున ఎక్కలేదు. పదకొండేళ్లుగా ఎక్కలేదు," అంది. "నేను చూడలేదు. ఇది చూసింది."

ఎర్ర సున్నా ముందు ఒకటి వేసింది. జాబితాలో మొదట ఆ పిల్ల పేరు రాసి, ఆఫీసులో ఇచ్చి, అటునుంచి అటే గేటు దాకా పరిగెత్తింది.

"గొడుగాయనా?" అన్నాడు అటెండరు. "ఇప్పుడే బస్సెక్కాడమ్మా. మంచినీళ్లు అడిగాడు. తాగి, వచ్చే ఏడాది పిల్లలకిచ్చే సైన్సు పుస్తకాలు చూడాలన్నాడు, స్టోరు గది తీశాను. రెండు గంటలు కూర్చుని అన్నిట్లోనూ పెన్సిలుతో ఏదో గీశాడు. నన్ను తిట్టకండమ్మా, పెద్దాయన కదా అని..."

టీచరమ్మ స్టోరు గదిలోకి వెళ్లి కట్ట మీది పుస్తకం తెరిచింది.

'నిండుగా' అన్న మాట కొట్టేసి ఉంది. పక్కన గుండ్రటి అక్షరాల్లో 'పావు వంతు' అని ఉంది.

రెండో పుస్తకం తీసింది. మూడోది తీసింది. నలభై పుస్తకాల్లోనూ అదే దిద్దుబాటు, పాఠం కింద అదే ఒక్క వాక్యం: "చేసి చూడకుండా రాశాను పిల్లలూ, తప్పు నాదే."