నాన్న అడిగిన మట్టి

"పొద్దున్నే కాల్చేస్తారు. మాట్లాడేశాను," అన్నాడు అన్నయ్య, నాన్న శవం పక్కనే నిలబడి.

నాకు ఒళ్లు మండిపోయింది. మేం యూదులం. మాలో శవాన్ని కాల్చరు, మట్టికే అప్పగిస్తారు. పూడ్చేదాకా ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలరు. అందుకే ఆస్పత్రి వెనక గదిలో ఆ రాత్రి నేను కాపలా కూర్చున్నాను.

"వదిన వాళ్లింట్లో కాలుస్తారు. అది వాళ్ల ధర్మం, కాదనను. నాన్న నీ చెయ్యి పట్టుకుని మట్టే అడిగాడా లేదా?"

"పోయినాక ఏదైతే ఏంటే? సమాధి కట్టించి, దాని చుట్టూ తిరగడం నా వల్ల కాదు."

సిగ్గు లేకుండా ఆ మాట నాన్న ముందే అన్నాడు.

అప్పుడే మంచం కింద, తుడిచిన గచ్చు మీద, గుప్పెడు తడిమట్టి కనిపించింది.

"నీ చెప్పులదే," అన్నాడు. నా చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి.

కాగితంతో ఎత్తి కిటికీలోంచి పారేశాను. తిరిగి చూస్తే మళ్లీ మట్టి. ఈసారి అన్నయ్య కాళ్ల దగ్గర. గదంతా నిశ్శబ్దం. ఎక్కడో మట్టి రాలుతున్న చప్పుడు మాత్రం ఆగడం లేదు.

అన్నయ్య విసుక్కుంటూ, బండి పెందలాడే పంపమని చెప్పడానికి ఫోన్ చేశాడు. "హలో, మా నాన్నని..." అంటూనే దగ్గాడు. నాన్న మీది తెల్ల దుప్పటిపై అన్నయ్య నోట్లోంచి తడిమట్టి పడింది. మళ్లీ దగ్గాడు, ఇంకా పడింది. గొంతు పట్టుకుని, నీళ్లు తెమ్మని నాకు సైగ చేశాడు.

నీళ్లు వరండా చివర ఉన్నాయి.

నేను కుర్చీలోంచి లేవలేదు. నాన్నను వదిలి వెళ్లకూడదు కదా.