పదడుగుల దూరం

"రెండడుగులు తక్కువ," అంటూ టేపు చుట్టేశాడు తనిఖీ అధికారి. "తలుపుకీ, పొగ తాగే చోటుకీ మధ్య పదడుగులు ఉండాలి. ఇక్కడ ఎనిమిదే."

బార్ యజమాని దిగులుగా పెరడంతా కలయజూశాడు. లోపల సిగరెట్ కాల్చకూడదని రూలు వచ్చిన దగ్గర్నుంచి సగం బేరం పెరట్లోనే. అందుకే అక్కడ రేకులు వేయించాడు, ఫ్యాన్లు పెట్టించాడు, గోడవారన సిమెంటు అరుగు కూడా కట్టిస్తున్నాడు.

"అరుగు ఇంకా వెనక్కి జరపాలంటే పక్కింటాయన వంటగదిలో కట్టాలండీ!"

"ఎక్కడ కట్టుకుంటారో మీ ఇష్టం. రెండు నోటీసులు అయిపోయాయి. ఇవాళ కొలత సరిపోకపోతే బార్‌కి సీలు వేసే వెళ్తాను."

యజమాని తల గోక్కున్నాడు. అరుగు వంక చూశాడు, తలుపు వంక చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"అసలు తలుపే లేకపోతేనో?"

అధికారి రూలు పుస్తకం ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిరగేశాడు. "అప్పుడు కొలవడానికి ఏమీ ఉండదు," అని అయిష్టంగానే ఒప్పుకున్నాడు. "మరి మీ పొగరాయుళ్ళు ఇక్కడికెలా వస్తారు?"

"పక్క సందులోకి గేటు పెట్టిస్తానండీ. వీధి గుమ్మం దిగి, చుట్టూ తిరిగొస్తారు. కాస్త నడిస్తే ఒంటికి మంచిదే కదా!"

అధికారికి నవ్వొచ్చింది గానీ మింగేశాడు. "గేటు గొడవ రూల్లో లేదు. తలుపు మాత్రం నా కళ్ళముందే మూయాలి."

"మేస్త్రీ! అరుగు సంగతి తర్వాత. ముందు ఆ తలుపు పీకేసి ఇటుకలు పెట్టెయ్."

మేస్త్రి అసలే పని రాక్షసుడు. చూస్తుండగానే వరస మీద వరస లేచింది. యజమాని చొక్కా చేతులు మడిచి ఇటుకలందించాడు. ఈ చివర వంకర పోయిందంటూ సలహాలిస్తున్న అధికారి, ఉత్సాహం ఆపుకోలేక నాలుగిటుకలు తనే పేర్చాడు. పైన సిమెంటు పూసేసరికి అక్కడ గుమ్మం ఉండేదంటే ఎవరూ నమ్మరు.

అధికారి గోడని తృప్తిగా చూసుకుని, కాగితం మీద సంతకం చేసి ముద్ర గుద్దాడు. "ఇక ఈ గోడలో తలుపు కాదు కదా, చిన్న కంత కనబడినా ఆ రోజే బార్ మూత. గుర్తుంచుకోండి."

"నా ప్రాణం పోయినా కొట్టనివ్వనండీ!" యజమాని కాగితాన్ని గుండెకి హత్తుకున్నాడు. ఆ క్షణాన అతనికి ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"మంచిది, వస్తాను. ఇంకో చోట తనిఖీ ఉంది." అధికారి సంచీ భుజాన వేసుకుని నాలుగు వైపులా చూశాడు. మూడు వైపులా రెండు నిలువుల గోడలు, నాలుగో వైపు తాము కట్టిన పచ్చి గోడ. "ఇంతకీ, మీ గేటు ఎక్కడండీ?"

"రేపు పెట్టిస్తానండీ."