పేచీ పెద్దయ్య

"పురుగుమందు కొట్టొద్దంటావు. మరి పురుగుల్ని ఏం చెయ్యమంటావమ్మాయ్, కాళ్లు పట్టుకుని బతిమాలమంటావా?"

బడిగది ఘొల్లుమంది. కొత్తగా వచ్చిన వ్యవసాయాధికారిణి ముఖం కందిపోయింది. మీటింగుకి వచ్చిందే తొమ్మిది మంది. అందులో ముగ్గురు అప్పటిదాకా కునుకు తీస్తున్నారు. వాళ్లూ లేచి కూర్చున్నారు.

అడిగినాయన పేచీ పెద్దయ్య. ఆయనతో మాటామాటా అనుకోని ఇల్లు ఆ ఊళ్లో లేదు. ఆయన చేను కాలువకి అవతల, అందరికీ దూరంగా ఉంటుంది. అటుగా వెళితే తగువేనని ఎవరూ వెళ్లరు.

"వాటిని తినే పురుగులు వేరే ఉన్నాయి పెద్దయ్యా. అక్షింతల పురుగు ఒక్కటి రోజుకి యాభై పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది అదే."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"అయితే మాకూ చూపించు. చూపిస్తేగానీ నమ్మేది లేదు!"

మరుసటి వారం, ఊరంతా వదిన అని పిలిచే రైతు టమాటా తోటలో చూపించాల్సి వచ్చింది. అమ్మాయి పరువు పోతుందేమో చూద్దామని నలభై మంది వచ్చారు. భూతద్దం చేతులు మారింది. చిన్న ఎర్రపురుగు ఆకు కింద తాపీగా భోజనం చేస్తోంది. "అమ్మ దీని తిండి!" అంది వదిన.

పెద్దయ్య ఒప్పుకోలేదు. ప్రతి మీటింగుకీ అందరికంటే ముందొచ్చి, ఎదురుగా కూర్చుని, కొత్త పేచీ తీసేవాడు.

"మందు ఆపిన ఏడు దిగుబడి పడిపోతే ఎవరిది పూచీ?"

"ముందు ఒక్క మడిలోనే ఆపి చూడండి. మిగతాది మీ ఇష్టం."

"మందుకి బదులు ఆకుల కషాయం కాస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది?"

ఆమె అక్కడే పొయ్యి వెలిగించి గంటలో కాచి దించింది.

ఇంటికెళ్లి మాత్రం తల పట్టుకునేది. ఈ పంటకాలంలో పది మందైనా ముందుకు రాకపోతే కార్యక్రమం ఎత్తేస్తామని పైఅధికారి చెప్పేశాడు. దాంతోపాటే ఆమె ఉద్యోగమూ పోతుంది. ఆయన ఒక్కడు రాకుండా ఉంటే బాగుండునని రోజూ అనుకునేది.

చివరి మీటింగులో పెద్దయ్య లేచి దులుపుకున్నాడు.

"ఇదంతా మన ఊరివాళ్ల వల్ల కాదులే అమ్మాయ్. మందు సీసా మూత తిప్పడం తప్ప వీళ్లకేం చేతనవును?"

వదిన కొంగు బిగించి లేచింది.

"ఏం, మాకేం చేతకాదు? నా పేరు రాసుకో తల్లీ. ఈయన నోరు మూయించడానికైనా చేసి చూపిస్తాను!"

"నాదీ రాయండి!"

"మా అన్నదమ్ములిద్దరివీ!"

పది నిమిషాల్లో పదకొండు పేర్లు. పెద్దయ్య గొణుక్కుంటూ బయటికి నడిచాడు.

పంట చేతికొచ్చేసరికి ఆ పదకొండు మడుల్లో పురుగుల్ని తినే పిట్టలు దిగాయి. వదిన టమాటాలు నిగనిగలాడాయి. వచ్చే ఏడు చేను మొత్తం ఇలాగే పండిస్తామని ఊళ్లో అందరూ పోటీ పడ్డారు. అధికారిణికి ఉద్యోగం నిలిచింది, పక్క ఊరు కూడా అప్పగించారు.

ఇక మిగిలింది ఒక్కడే. ఎలాగైనా ఆయన్నీ మార్చాలనుకుని ఆమె పెద్దయ్య ఇంటికే వెళ్లింది. అరుగు మీద ఆయన భార్య చిక్కుడుకాయలు వొలుస్తోంది.

"మా ఆయన లేరమ్మా. పక్క ఊళ్లో ఇవాళ మీ మీటింగటగా, మీకంటే ముందే బయల్దేరారు."

ఆమె అరుగు మీద కూర్చుంది. అక్కడా మొదలుపెడతాడన్నమాట!

"పెద్దమ్మా, మీ మాటైతే వింటారేమో. ఒక్క మడిలో, ఒకే ఒక్క మడిలో మందు ఆపి చూడమని మీరైనా చెప్పండి."

పెద్దమ్మ చేట పక్కన పెట్టి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మా చేలో మందు చుక్క పడి ఆరేళ్లయింది తల్లీ, తను మంచిదని చెబితే ఏ ఊళ్లోనూ ఎవరూ ముట్టుకోరనే ఆ మనిషి మీకు అడ్డం తిరుగుతున్నాడు!"