బాబు కొడతాడు

కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన జడ్జిగారు ఆరేళ్ల మోక్షితను తన గదిలోకి పిలిపించుకున్నారు. తల్లి యమునను బయటే ఉండమన్నారు.

"నాన్న కొడతాడా తల్లీ?"

"కొట్టడు. బుజాలమీద ఎక్కించుకుని శ్రీకూర్మం తీసుకెల్తాడు. తాబేళ్లకి ఆకులు పెడతాం."

"మరెవరైనా కొడతారా?"

"బాబు కొడతాడు."

జడ్జిగారు నవ్వేశారు. "మగపిల్లలంతే. టీచరుకి చెప్పు. సరే, నాన్న దగ్గర ఉంటావా?"

పాప సంబరంగా తలూపింది.

హాల్లో ఆర్డరు చదివారు. పాప కోరింది కాబట్టి కస్టడీ తండ్రికట. యమున వీపు మీది బెల్టు దెబ్బలు మొగుడూ పెళ్లాల గొడవట, పాపకు సంబంధం లేదట.

తండ్రి చేతులు చాచాడు. పాప బెదిరిపోయి పరిగెత్తింది. వెనక బెంచీలో కూర్చున్న తాత మెడను కరుచుకుంది.

"నాన్నా, ఇంటికెల్దాం రా!"

యమున గొంతు చించుకుంది. "నన్ను సూసి అది మా నాన్ననే నాన్నంటాది! కన్నోణ్ణి బాబంటాది! బాబు కొడతాడని మీకు సెప్పలేదా? మీకు సెవుల్లేవా అయ్యా?"

జడ్జిగారి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత ఇంకో కేసు కట్ట అందుకున్నారు.

"ఆర్డరు అయిపోయిందమ్మా. పై కోర్టులో చెప్పుకో."

తండ్రి వైపు తిరిగి మర్యాదగా అన్నారు.

"తీసుకెళ్లు బాబూ."