గేటుకీ రోడ్డుకీ మధ్య

గేటు ముందు కాలువ మీద బండ విరిగి ఏడాదయింది. అప్పట్నుంచి అత్తగారి చక్రాల కుర్చీ గేటు దాటలేదు. ఇన్నాళ్ళకు రోడ్ల ఇంజనీరు వచ్చాడు.

"రోడ్డు వరకే మాదమ్మా. గేటుకీ రోడ్డుకీ మధ్య దారి ఇంటివాళ్ళే చూసుకోవాలి."

"మీ ఆఫీసుకి కాళ్ళరిగేలా తిరిగాను. ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా?" కోడలు మెట్టు మీద కూలబడింది.

"బాగుచెయ్యమని అర్జీ ఇచ్చారు. ఎవరి బాధ్యతని అడగలేదుగా!" అన్నాడతను నీరసంగా.

అతను వెళ్ళాక అత్తగారు కిటికీలోంచి అడిగింది. "ఏమంటాడే?"

"మనమే వేయించుకోవాలట."

"అయితే ఎవర్నీ అడగక్కర్లేదా?"

"అక్కర్లేదత్తయ్యా," అంది కోడలు. అన్నాకగానీ తట్టలేదు, ఏడాదిగా సొంత గుమ్మం దాటడానికి పరాయివాళ్ళ సెలవు కోసం తిరిగానని.

నిట్టూర్చి, మేస్త్రీకి ఫోను చేసింది. "అన్నా, బండ వద్దు. గేటు ముందు కాలువ మీద సిమెంటుతో వాలుగా దారి వెయ్యి. కుర్చీ తేలిగ్గా దిగాలి."